మోటర్‌హోమ్‌కి జాయింట్ నోట్

మన శిక్షణ బడి సంచికకి "నా ఉద్యోగంలో గర్వపడే రోజు" గురించి రాయమని కమిటీవారు అడిగారు. ఈ నెలాఖరుకి నేను పాఠాలు మానేస్తున్నాను. వెళ్ళేవాడి చేత ఏదో ఒకటి రాయించి, పక్కన ఫోటో వేసి పంపడం ఇక్కడి ఆనవాయితీ.

ఆ రోజు సంగతి మీకు కొత్తగా రాయక్కర్లేదు. ప్రతి ఏడూ కొత్తగా చేరిన జట్టుకి మొదటి క్లాసులోనే చెబుతూ వచ్చాను. ఇల్లంత బండి ఒకటి వచ్చిందనీ, దాని డాష్‌బోర్డు ఏసీ పనిచెయ్యలేదనీ, చదువుకున్నవాళ్ళు ఒత్తిడి కొలిచే గేజీలు పెట్టి తలలు పట్టుకుంటే ఒకతను మాత్రం ఏ పరికరమూ లేకుండా గొట్టాల్ని చేత్తో ముట్టుకుని జబ్బు చెప్పేశాడనీ. "ఆ ఒకతను ఎవరు సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నేను చిన్నగా నవ్వి చాక్‌పీసు అందుకుంటాను. నోటితో అబద్ధం చెప్పకుండా పని జరిపించుకోవాలంటే నవ్వు చాలా బాగా పనికొస్తుంది.

ఆ ఒకతను నేను కాదు. గేజీలు పెట్టి తల పట్టుకున్నవాణ్ణి నేను. సంగతి అక్కడితో ఆగి ఉంటే ఇది నలుగురూ నవ్వుకునే కథే అయ్యేది. నేను ఆగనివ్వలేదు.

అప్పుడు నేను రైల్వేలో ఏసీ బోగీల మరమ్మతు చూసే సెక్షన్లో ఉండేవాణ్ణి. మేం ముగ్గురం ఒక జట్టు. మాలో పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనేవారు. ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పనికి వచ్చారట. ఈయన ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్లోనే పుట్టి, ఎనిమిదో తరగతి దాకా చదివి, ఖలాసీగా చేరి టెక్నీషియన్ అయ్యాడు. బోగీ పైకెక్కి కంప్రెసర్ మీద అరచెయ్యి ఆన్చి కాసేపు కళ్ళు మూసుకునేవాడు. మొక్కుకుంటున్నాడేమో అనుకునేవారు కొత్తవాళ్ళు. కిందికి దిగి ఏది పాడైందో చెప్పేవాడు. నాకూ, సెక్షన్లో సగం మందికీ పని నేర్పింది ఆయనే. రెండోవాడు ఎలక్ట్రికల్ మనిషి, నాకు వరసకి బావ. చేతులకంటే నోరు చురుకు. మూడోవాణ్ణి నేను. డిప్లొమా చదివాను, ఇంగ్లీషు రాయగలను. అందుచేత సెక్షన్లో ఏ కాగితమైనా నా చేతి మీదుగానే వెళ్ళేది.

ఆ కాగితాల్లో ముఖ్యమైనది జాయింట్ నోట్. ఏదైనా చెడిపోతే సంబంధం ఉన్నవాళ్ళంతా కలిసి చూసి, ఏం కనబడిందో, ఎందుకలా జరిగిందో, ఎవరివల్ల జరిగిందో రాసి, అందరూ కింద సంతకాలు పెడతారు. చివరి గడి పేరు "బాధ్యత". ఉద్దేశం మంచిదే. ఆచరణలో మాత్రం బోగీ చల్లబడిందా లేదా అన్నది ప్రయాణికుల సమస్య, ఆ చివరి గడిలో మన పేరు పడకుండా చూసుకోవడం మన సమస్య. మా సెక్షన్లో ఇంకో అలవాటు ఉండేది. ఒకడు నోట్ రాస్తే మిగతావాళ్ళు చదవకుండా సంతకం పెట్టేవారు. చదివితే రాసినవాణ్ణి అనుమానించినట్టు. ఒకణ్ణొకడు అనుమానించుకోవడం మాకు మహా సిగ్గుగా ఉండేది. చదవకుండా సంతకం పెట్టి మెమోలు అందుకోవడం అంత సిగ్గుగా ఉండేది కాదు.

బాబాయ్ రిటైర్ కావడానికి రెండు నెలలుందనగా ఆ మోటర్‌హోమ్ వచ్చింది.

దాని యజమాని మన తెలుగాయనే. రైల్వే అకౌంట్స్‌లో పెద్ద ఉద్యోగం చేసి దిగి, ఖరిదాలో ఇల్లు కట్టుకున్నారు. బస్సు ఛాసిస్ మీద కట్టిన పాత బండి ఒకటి ఎవరి దగ్గరో కొన్నారు. లోపల రెండు మంచాలు, వంట గట్టు, స్నానాల గది, పైకప్పు మీద ఒక ఏసీ. ఆ పైకప్పు ఏసీ బండి నిలిపి కరెంటు తగిలిస్తేనే నడుస్తుంది. దారిలో పోయేటప్పుడు చల్లదనమంతా ఇంజనుతో తిరిగే డాష్‌బోర్డు ఏసీదే. చెడిపోయింది అది. దంపతులిద్దరూ ఆ బండిలో దక్షిణాదంతా చుట్టి రావాలని అనుకుంటున్నారు. ఊళ్ళో కారు ఏసీలు చేసేవాళ్ళు వచ్చి, బండి చుట్టూ ఒకసారి నడిచి, "ఏ తో గాడీ నహీ దాదా, మకాన్ హై", ఇది బండి కాదు, ఇల్లు, అని వెళ్ళిపోయారట. అప్పుడాయనకి మేం గుర్తొచ్చాం. ఇంత పెద్ద బోగీలు బాగుచేసేవాళ్ళకి ఇదెంత అనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం.

ఆయనకి ఇంకో హోదా ఉంది. మన బడి పెట్టడానికి అప్పుడే ఏర్పడిన కమిటీకి ఆయనే అధ్యక్షులు. మొదటి ఆదివారం మాకు టీలు ఇప్పిస్తూ అన్నారు. "ఏసీ పని చెప్పడానికి ఒక మనిషి కావాలి. రిటైరైన అనుభవజ్ఞుడైతే మంచిదని కమిటీ ఉద్దేశం." అంటూ బాబాయ్ వైపు చూశారు. బాబాయ్ టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

ఆ ఉద్యోగం బాబాయ్‌కి ఎంత కావాలో బావకీ నాకూ తెలుసు. అంతకు కొన్నాళ్ళ ముందు బోగీ మీంచి దిగుతూ, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అన్నాడు. "ముప్పై ఎనిమిదేళ్ళు ఏయ్ మిస్త్రీ, ఏయ్ మిస్త్రీ అన్నారురా. ఎవడైనా ఒకడు మాస్టారూ అంటే ఎలగుంటాదో ఇనాలనున్నాది."

"నేనంటాను బాబాయ్, టీ ఇప్పించు," అన్నాడు బావ.

"నువ్వంటే నాకు భయమేస్తాదిరా, ఏటి పాడుసేసొచ్చినావో అని."

సరే, బండి దగ్గరికి వద్దాం. మా ముగ్గురికీ బోగీలు తప్ప ఇంకో ప్రపంచం తెలీదు. బావ బండి చుట్టూ తిరిగి గంభీరంగా అడిగాడు. "సార్, దీనికి లాస్ట్ పీఓహెచ్ ఎప్పుడయ్యింది?" పీఓహెచ్ అంటే బోగీని కొన్నాళ్ళకోసారి పూర్తిగా విప్పి చేసే మరమ్మతు. ఇంకెవరైనా అయితే నవ్వేవారు. ఆయన రైల్వే మనిషి. నిజంగానే నొచ్చుకుని, "రికార్డు లేదయ్యా" అన్నారు.

"రికార్డు లేకుండా నడిసే బండిని ఇదే సూడ్డం," అన్నాడు బావ.

జబ్బు ఏమిటని అడిగాం. స్టార్ట్ చేసిన పది నిమిషాలు మంచులాంటి గాలి, తర్వాత వేడి, అన్నారాయన. బండి మెట్టు మీద కూర్చున్న అమ్మగారు అందుకున్నారు. "పైన గాలి సంగతి అలా ఉంచండి బాబూ. ముందు సీట్లో నా పాదాల దగ్గర పొయ్యి ఎలిగించినట్టుంటాది. మొన్న బాలాసోర్ దాకా ఎళ్ళొచ్చేసరికి నా చెప్పులు మెత్తబడిపోనాయి."

నేను పుస్తకంలో ఆయన చెప్పింది రాసుకున్నాను. ఆమె చెప్పింది రాసుకోలేదు. జాయింట్ నోట్‌లో చెప్పుల గడి లేదు.

బాబాయ్ మాత్రం ఆమె దగ్గరికి వెళ్ళి ఏ కాలు, ఎటువైపు అని అడిగాడు. ఇంజను పది నిమిషాలు నడవనిచ్చి, డాష్‌బోర్డు కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. అక్కడ నాలుగు గొట్టాలు ఒక పెట్టెలోకి వెళ్తాయి. రెండు ఏసీవి. రెండు వేడినీళ్ళవి, ఇంజన్లోంచి వచ్చి వెనక్కి పోయేవి. చలి ప్రాంతంలో అదే పెట్టె హీటర్‌గా పనిచెయ్యడానికి ఆ ఏర్పాటు. హీటర్ వద్దనుకుంటే నీళ్ళ గొట్టం మీదున్న చిన్న కుళాయి మూసుకుంటుంది. డాష్‌బోర్డు మీద మీట తిప్పితే ఒక తీగ దాన్ని లాగి మూస్తుంది.

లోపల్నుంచి బాబాయ్ గొంతు వినబడింది. "ఏసీ గొట్టం సెమట పట్టి సల్లగా ఉన్నాదిరా. దాని పని అది సేస్తన్నాది. నీళ్ళ గొట్టాలు రెండూ కాల్తన్నాయి. ఈ నీళ్ళెందుకు లోపలికెళ్తన్నాయో సూడండి ముందు."

మే నెల. ఖరగ్‌పూర్. బండి రేకు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం. ఆ ఎండలో హీటర్ అన్న మాట వినేసరికి నాకు నవ్వొచ్చింది.

"బాబాయ్, ఈ ఊళ్ళో హీటర్ ఎవడేస్తాడు?"

"అమ్మగారి టీ నీళ్ళకేమో," అన్నాడు బావ.

అందరం నవ్వాం. అధ్యక్షులవారూ నవ్వారు. బాబాయ్ కింద పడుకుని ఉన్నాడు కాబట్టి ఆయన ముఖం నాకు కనబడలేదు.

నా దగ్గర కొత్తగా కొన్న డిజిటల్ గేజీ ఉంది, దానికి తగిన సిద్ధాంతమూ ఉంది. గ్యాసులో తేమ చేరింది, పది నిమిషాలయ్యాక సన్నటి రంధ్రం దగ్గర మంచుకట్టి దారి మూసుకుపోతోంది, అందుకే చల్లదనం ఆగిపోతోంది అన్నాను. ఇది డిప్లొమా పుస్తకంలో ఉన్న విషయమే. అదే నిజమైతే వేడిగాలి వచ్చేటప్పుడు ఆ ఏసీ గొట్టం చల్లగా ఉండకూడదు. ఆ సంగతీ పుస్తకంలోనే ఉంది, తర్వాతి పేజీలో. అధ్యక్షులవారికి నా ఇంగ్లీషు మాటలు నచ్చాయి. "సైంటిఫిక్‌గా వెళ్దాం" అన్నారు.

తర్వాతి ఆదివారం సైంటిఫిక్‌గా వెళ్ళాం. పాత గ్యాసు తీశాను, తేమ పీల్చే డబ్బా మార్చాను, పంపు పెట్టి లోపలి గాలంతా లాగేశాను. ఇక కొత్త గ్యాసు ఎక్కించాలి. బాబాయ్ అప్పుడు అక్కడ లేడు. "ఆ కుళాయి తీగ తెగిపోనట్టున్నాది, ఒక ముక్క తెస్తాను" అని చెప్పి సైకిలెక్కి ఖరిదా బజారుకి వెళ్ళాడు. ఆయన వెళ్ళాడని, తిరిగొచ్చేదాకా అక్కడ లేడని మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి.

ఇంజను నడుస్తోంది. గ్యాసు మెల్లగా ఎక్కుతోంది. నాకు మెల్లగా అనేది పడదు. సిలిండర్ని తలకిందులు చేసి పట్టుకున్నాను. నిలబెడితే ఆవిరి వెళ్తుంది, తిరగేస్తే ద్రవమే వెళ్తుంది, తొందరగా నిండుతుంది. బోగీల దగ్గర మేమలా చేసేవాళ్ళం. ఆ పెద్ద యంత్రాలు ఎలాగో భరించేవి. ఈ కంప్రెసర్ బొప్పాయికాయంత ఉంది. ద్రవం నలగదు, దాన్ని నలపబోయినదే విరుగుతుంది. బోగీల కింద బతికినవాడు మాత్రమే చేసే పొరపాటు అది. టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు వినబడ్డాయి. నాలుగోది వినబడలేదు. బెల్టు కీచుమంది, కాలిన రబ్బరు వాసన వచ్చింది. బావ పరుగెత్తి ఇంజను ఆపాడు.

అధ్యక్షులవారు ఇంట్లోంచి వచ్చారు. "ఏమైంది?"

"టెస్టింగ్ సార్," అన్నాను.

"పాసయ్యిందా?" అన్నారు అమ్మగారు కిటికీలోంచి.

బాబాయ్ తీగ ముక్క పట్టుకుని వచ్చేసరికి సిలిండర్ ఇంకా తలకిందులుగానే టైరుకి ఆనించి ఉంది. ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. దాన్ని తిప్పి నిలబెట్టాడు. కంప్రెసర్ని చేత్తో తిప్పబోయాడు, తిరగలేదు. అధ్యక్షులవారి వైపు తిరిగి చెప్పాడు. "కంప్రెసర్ పోయినాది సార్. మా సేతిలోనే పోయినాది. కొత్తది తెప్పించాల."

మా చేతిలో అన్నాడు. నా చేతిలో అని నేను అప్పుడు అనాలి. గేజీ గొట్టాలు చుట్టుకుంటూ ఉండిపోయాను, అంతే.

అధ్యక్షులవారు కోప్పడలేదు. ఆయనకి కోపం కన్నా దస్త్రం ముఖ్యం. "ఫెయిల్యూర్ అయ్యాక జాయింట్ నోట్ లేకపోతే ఎలాగయ్యా? నువ్వు డిప్లొమావి, రాసి పట్రా," అన్నారు. తన సొంత ఇంటి ముందు, తన సొంత బండికి. మా ముగ్గురిలో ఒక్కడికీ అది విడ్డూరంగా అనిపించలేదు.

నోట్ చేత్తో రాశాను. చివరి గడి ఖాళీగా వదిలేశాను. టైపు చేయించడానికి ప్రేమ్ బజార్ వెళ్ళాను. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్ గేటు ముందు జిరాక్స్ షాపుల్లో పిల్లలు థీసిస్‌లు ప్రింటు తీయించుకుంటారు. షాపు అబ్బాయి నా రెండు పేజీల్ని కూడా అదే భక్తితో టైపు చేశాడు. చివరికొచ్చి ఆగాడు.

"దాదా, ఎటా ఖాలీ ఆఛే."

ఖాళీగానే ఉంది, అలా వదిలెయ్యి అన్నాను. అతనికి నచ్చలేదు. ఖాళీ గడి ఉంటే గైడు వెనక్కి పంపేస్తాడు దాదా, అన్నాడు. "కార్ దోష్?" అని అడిగాడు. ఎవరి తప్పు?

నా వెనక నలుగురు విద్యార్థులు వరసలో నిలబడి ఉన్నారు. అతని వేళ్ళు కీబోర్డు మీద ఉన్నాయి. ఆ క్షణంలో నాకేమీ తోచలేదని చెప్పుకుందామని చాలా ఏళ్ళు ప్రయత్నించాను. తోచింది. చాలా స్పష్టంగా తోచింది. బడి ఉద్యోగం తోచింది. బోగీల మీదికెక్కి ఎక్కి నొప్పి పట్టిన నా నడుము తోచింది. వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకుంటే ఏం చెయ్యాలని ఆర్నెల్లుగా ఆలోచిస్తున్నది తోచింది. "సీనియర్ టెక్నీషియన్" అన్నాను. ముగ్గురిలో సీనియర్ ఒక్కడే. ద్రవరూపంలో గ్యాసు ఎక్కించి కంప్రెసర్ పాడుచేసినందుకు సీనియర్ టెక్నీషియన్‌ది బాధ్యత అని ఇంగ్లీషులో మంచి వాక్యం చెప్పాను. అతను టైపు చేసి, స్పైరల్ బైండింగ్ వేసి, పైన పారదర్శకపు అట్ట కూడా పెట్టి ఇచ్చాడు.

మర్నాడు డ్యూటీ దిగాక ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో బాబాయ్ క్వార్టర్‌కి వెళ్ళాను. బావ కూడా ఉన్నాడు. బాబాయ్ నీళ్ళ మోటారు విప్పుకుని కూర్చున్నాడు.

"ఏటి రాసినావు?"

"మామూలే బాబాయ్."

చేతులు లుంగీకి తుడుచుకుని, ఒక్కో అక్షరమూ విడివిడిగా, ఎప్పట్లాగే నాలుకని పళ్ళ మధ్య పెట్టుకుని సంతకం చేశాడు. నోట్ బావకిచ్చాను. వాడు ఎప్పుడూ చదవడు. ఆ రోజు అట్ట చూసి ముచ్చటపడి పేజీ తిప్పాడు. చివరి గడి దగ్గర చూపు ఆగింది. నా వైపు చూశాడు. సంతకం పెట్టి, "బైండింగ్ బాగున్నాది," అన్నాడు.

కోల్‌కతా నుంచి కొత్త కంప్రెసర్ వచ్చింది. బిగించాను. ఈసారి సిలిండర్ని నిలబెట్టి, ఎంతసేపైనా సరే అని మెల్లగా ఎక్కించాను. అధ్యక్షులవారు ఆ పూట ఇద్దరు కమిటీ సభ్యుల్ని కూడా పిలిచారు, మా పనితనం చూపిద్దామని. ఇంజను స్టార్ట్ చేశాం. మంచులాంటి గాలి. సభ్యులు చొక్కా పైగుండీ విప్పుకుని గాలికి ముఖాలు పెట్టారు. నేను గేజీ చూపిస్తూ ఇంగ్లీషులో వివరించాను. పది నిమిషాలు అద్భుతంగా గడిచాయి. పదకొండో నిమిషానికి సభ్యులు ముఖాలు వెనక్కి తీసుకున్నారు.

అమ్మగారు ముందు సీట్లోంచి అన్నారు. "కొత్తదానికీ పాతదాని జబ్బే పట్టింది బాబూ. నా కాళ్ళు మళ్ళీ కాల్తన్నాయి."

బాబాయ్ జేబులోంచి ఆవేళ బజారు నుంచి తెచ్చిన తీగ ముక్క తీశాడు. డాష్‌బోర్డు కిందికి దూరాడు. ప్లయర్ చప్పుడు రెండుసార్లు వినబడింది. అమ్మగారిని మీట తిప్పమన్నాడు. కుళాయి మూసుకుంది, పది నిమిషాలకి వేడెక్కే ఇంజను నీళ్ళు పెట్టెలోకి పోవడం ఆగింది. కాసేపటికి చల్లగాలి వచ్చింది. అరగంటైనా అలాగే వచ్చింది. చెయ్యాల్సిన మరమ్మతు మొత్తం అంతే. కొత్త కంప్రెసర్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు, అది నా పనితనానికి పడిన ఖర్చు.

"టీమ్ వర్క్," అన్నారు అధ్యక్షులవారు. అమ్మగారు మాత్రం బాబాయ్‌కి ఒక్కడికే రెండో టీ ఇచ్చారు.

కళ్ళముందు ఇది జరిగింది కదా, ఇక బాబాయ్‌కి ఆ ఉద్యోగం రాకుండా ఎలా పోయింది అని మీరు అడగొచ్చు. జీవితమంతా అకౌంట్స్‌లో గడిపిన మనిషికి కళ్ళతో చూసింది లెక్కలోకి రాదు. కుళాయి బాగుచేసినట్టు ఎక్కడా కాగితం లేదు. కంప్రెసర్ పాడుచేసినట్టు ఉంది, మూడు సంతకాలతో, స్పైరల్ బైండింగ్‌తో.

ఇంటర్వ్యూకి ఇద్దరం వెళ్ళాం. నేను దరఖాస్తు పెట్టినట్టు బాబాయ్‌కి ఆ బెంచీ మీద నన్ను చూసేదాకా తెలీదు. "నువ్వూనా?" అన్నాడు. "మంచిదేలే. ఇద్దర్లో ఎవడికొచ్చినా మన సెక్షనుకే." ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులో కొత్త పెన్ను ఉంది. ఆయన్ని ముందు పిలిచారు. తలుపు ఓరగా ఉంది, మాటలు వినబడుతున్నాయి.

"ఈ నోట్ మీద సంతకం మీదేనా?"

"నాదేనండి."

ఎవరో చివరి గడి చదివి, తెలుగులో అర్థం చెప్పారు. నేను ఆ బెంచీ మీదనుంచి లేచి నాలుగడుగులు వేస్తే చాలు. తలుపు దగ్గరికి ఎన్ని అడుగులో ఇప్పటికీ చెప్పగలను, అప్పుడు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను కాబట్టి.

"సంతకం నాదేనండి," అన్నాడు బాబాయ్ మళ్ళీ.

బయటికి వచ్చాడు. నా ముందు ఆగాడు. "ఎల్లు, పిలుస్తన్నారు," అన్నాడు. ఒకడుగు వేసి వెనక్కి తిరిగి, "కాలర్ మడత పడినాది, సరిసేసుకో," అన్నాడు.

సరిచేసుకుని లోపలికి వెళ్ళాను. ఆ రోజు నుంచి మీరందరూ నన్ను మాస్టారూ అంటున్నారు. బావ కూడా బదిలీ మీద వెళ్ళేదాకా మాస్టారూ అనేవాడు, ఆ మాటని సాగదీసి సాగదీసి. బాబాయ్ రిటైరై ఖరిదాలో ఒక ఫ్రిజ్జులు బాగుచేసే షాపులో స్టూలు మీద కూర్చుని చాలా ఏళ్ళు పనిచేశాడు. అటువైపు పనిపడితే నేను సైకిల్ని వెనక సందులోంచి పోనిచ్చేవాణ్ణి. ఊరు నాకు ఎంత బాగా తెలిసొచ్చిందంటే, ఆ షాపు ముందు నుంచి పోకుండా ఖరిదాలో ఎక్కడికైనా వెళ్ళగలను.

ఆ జాయింట్ నోట్ ఇంకా మన బడి దస్త్రంలో ఉంది. ఇది అచ్చయ్యాక ఒక ప్రతిని దాని వెనక కుట్టమని కమిటీవారిని కోరుతున్నాను. సిలిండర్ తిప్పింది నేను. జబ్బు చెప్పింది బాబాయ్. బాగుచేసింది బాబాయ్. మొదటి క్లాసులో నేను మీకు నేర్పే "ముందు గొట్టాల్ని ముట్టుకోండి" అన్న పద్ధతి కూడా ఆయనదే.

రాయడం అయ్యాక కాగితాలు పట్టుకుని పోయిన వారం ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి వెళ్ళాను. కొడుక్కి రైల్వేలో ఉద్యోగం వచ్చాక బాబాయ్ అతని క్వార్టర్లో ఉంటున్నాడు. వరండాలో కూర్చున్నాడు. ఎందుకొచ్చానో చెప్పాను. క్షమించమని అడిగాను. మన బడికి రమ్మన్నాను, ఒక్క రోజైనా మీ అందరికీ పాఠం చెప్పమన్నాను, కమిటీని ఒప్పిస్తానన్నాను.

"ఇప్పుడా?" అన్నాడు. "నాకు సెవులు ఇనబడవురా. మాస్టారూ అంటే రెండోసారి పిలవాల."

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. క్షమించమన్నదానికి ఆయన ఏమీ అనలేదు. విన్నాడో లేదో కూడా నాకు తెలీదు, ఇంకోసారి అడగడానికి ధైర్యం చాలలేదు.

కాగితాలు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని తనే చదివాడు. గంట పైన పట్టింది. ఈసారి ఒక్క గడి కూడా వదల్లేదు. చదివాక పెన్ను అడిగాడు.

"పొరపాటు, పొరపాటు అని ఇన్నిసార్లు రాసినావేటి?"

నేను లెక్క చూసుకోలేదు. తొమ్మిదిచోట్ల రాశానట. జిరాక్స్ షాపులో జరిగిన పొరపాటు, సంతకం దగ్గర జరిగిన పొరపాటు, బెంచీ మీద నా పొరపాటు.

మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళి, తొందరపడకుండా ఒక్కొక్కటీ వెతికి, ఎనిమిదిచోట్ల ఆ మాట కొట్టేశాడు. సిలిండర్ తిరగేసిన దగ్గర మాత్రం ఉంచాడు. కాగితాలు నా చేతిలో పెట్టాడు.

"ఇప్పుడిచ్చుకో," అన్నాడు.